‘ప్రోగ్రెస్ బాగుంది’ అంటే ఎంత బాగుంది?

డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. వాళ్ల బాబుకి ఎనిమిదేళ్లు, థర్డ్ గ్రేడ్. నాలుగో ఏట ఆటిజం అని తేలింది. కిండర్‌గార్టెన్ నుంచి ఐఈపీ, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి స్కూలు విడిగా రాసిచ్చే చదువు ప్లాన్, ఉంది. పుస్తకం చేతికిస్తే ఎక్కడా ఆగకుండా గడగడా చదివేస్తాడు. ‘ఏముందిరా ఇందులో?’ అని అడిగితే మాత్రం ఆ పేజీలోంచే ఒక వాక్యం తీసి అప్పజెబుతాడు. పోయిన ఏడాది మీటింగులో చదువుకి ఒక గోల్ పెట్టారు: ‘తన గ్రేడు పాఠం ఇస్తే, దానిమీద అడిగిన ప్రశ్నలకు 80 శాతం సరైన జవాబులు చెబుతాడు.’ ఆ తర్వాత మూడు ప్రోగ్రెస్ రిపోర్టులు ఇంటికొచ్చాయి. మూడింటిలోనూ అదే వాక్యం: ‘గోల్ దిశగా తగినంత ప్రోగ్రెస్ ఉంది.’ అంకె ఒక్కటీ లేదు. మూడోదాంట్లో ‘హీ’ అని ఉండాల్సిన చోట ‘షీ’ అని పడింది.

“అది చూశాక నాకు నిద్రపట్టలేదు. అసలిది మావాడి గురించి రాసిందేనా అనిపించింది,” అంటున్నారావిడ. భర్త మాత్రం, “టీచర్ మంచావిడ, అనవసరంగా ఆమెతో చెడ్డ కాకు. పైగా మనం వీసా మీద ఉన్నవాళ్లం,” అంటున్నారట. ఆదివారం ఆదివారం గుంటూరు నుంచి అత్తగారు వీడియో కాల్‌లో, “పిల్లాడి చదువు ఏమన్నా మెరుగుపడిందా అమ్మాయ్?” అని అడుగుతారు. “‘బాగానే ఉంది అత్తయ్యా’ అంటాను. స్కూలు నాకు చెప్పేదే నేను ఆవిడకి చెబుతున్నానని మొన్న తట్టింది. నాకూ ఏమీ తెలీదు, ఆవిడకీ ఏమీ తెలీదు.” థెరపిస్టు ఎవరో చెప్పారని ఇంట్లో తెలుగు మాట్లాడడం కూడా తగ్గించేశారు. ఏడాదికోసారి జరిగే ఆర్డ్ మీటింగ్ (ఐఈపీ మీటింగుకి టెక్సాస్‌లో పేరు) ఇంకో మూడు వారాల్లో ఉంది. అడగాలా, ఊరుకోవాలా, అడిగితే ఎలా అడగాలి? ఇదీ ఆవిడ ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘షీ’ అని పడిన ఆ ఒక్క అక్షరం మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో నాకు అర్థమవుతోంది. నేను ముందు హైదరాబాదులో, తర్వాత అక్కడ అమెరికా స్కూళ్లలో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరుగా పనిచేసినదాన్ని. అలాంటి రిపోర్టులు రాసే కుర్చీలో కూర్చున్నాను కాబట్టి రెండు వైపుల సంగతీ చెప్పగలను.

మన ఇళ్లలో పాల లెక్క ఎలా రాసేవాళ్లో గుర్తుందా? గోడ క్యాలెండర్ మీద పోయించుకున్న రోజు ఒక గీత, మానేసిన రోజు సున్నా, అరలీటరు ఎక్కువ తీసుకుంటే పక్కన ఇంకో గీత. నెలాఖరున ‘పాలు తగినన్ని పోశాడు’ అనుకుని డబ్బు ఇచ్చిన ఇల్లాలిని నేను చూడలేదు. గీతలు లెక్కపెట్టే ఇచ్చేవాళ్లు. అలాగని పాలవాడు దొంగ అనీ కాదు, ఆవిడకి అతని మీద కోపమనీ కాదు. ప్రోగ్రెస్ రిపోర్టు విషయంలో మీరు అడగాల్సింది కూడా ఆ గీతలనే.

అడిగే హక్కు మీకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. అమెరికా ప్రత్యేక విద్యా చట్టం, ఐడియా, ప్రతి ఐఈపీలో రెండు సంగతులు రాసి తీరాలంటుంది: గోల్ వైపు పిల్లవాడు ఎంత నడిచాడో దేనితో కొలుస్తారు, ఆ సంగతి తల్లిదండ్రులకు ఎప్పుడెప్పుడు చెబుతారు. మీ ఫైలులో ఐఈపీ తీసి, చదువు గోల్ ఉన్న పేజీ చూడండి. గోల్ కిందనో పక్కనో ‘టీచర్ సేకరించిన డేటా’, ‘వర్క్ శాంపిల్స్’ లాంటి మాట ఒకటి ఉంటుంది. రిపోర్టు తొమ్మిది వారాలకా, ఆరు వారాలకా అన్నదీ ఉంటుంది. అంటే ఆ డేటా చూపించమనడం కొత్త కోరిక కాదు, వాళ్లు రాసిచ్చిన మాటే.

ఇక మీ ఉత్తరంలో మూడు ముళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయి ఉన్నాయి. రిపోర్టులో ఏమీ లేకపోవడం ఒకటి. గోలే సరిగ్గా రాయకపోవడం రెండోది. బాబు నిజంగా నేర్చుకుంటున్నాడా లేదా అన్నది మూడోది. మొదటిది చూసి మీరు మూడోదాని గురించి భయపడుతున్నారు. ఆ రెండూ ఒకటి కాదు. క్లాసులో చక్కగా నేర్పిస్తూ, రోజూ గీతలు పెట్టుకుంటూ, తీరా రిపోర్టు దగ్గరికొచ్చేసరికి పాత వాక్యాన్నే అతికించే టీచర్లు ఉన్నారు. తొమ్మిది వారాలు ముగిసే రోజున ఒక్కో పిల్లవాడికి నాలుగైదు గోల్స్ చొప్పున, పదిహేను ఇరవై మందికి సాయంత్రంలోగా రాయాలి. కంప్యూటర్లో రెడీగా వాక్యాలు ఉంటాయి, ఒకటి ఎంచుకుంటే చాలు. అది తప్పే, సమర్థించను. కానీ దాన్నిబట్టి క్లాసులో ఏమీ జరగడం లేదని తీర్మానించకండి. జరుగుతోందనీ నమ్మకండి. చూస్తేనే తెలుస్తుంది.

చూడాల్సింది డేటా షీటు. మామూలుగా అది ఒక చిన్న గడుల కాగితం. ఎడమవైపు తేదీ, పైన ఒకటి నుంచి పది దాకా ప్రశ్నలు. సరైతే ప్లస్, తప్పయితే మైనస్. సాయంతో సరైన జవాబు చెబితే ‘పీ’ అని, అంటే ప్రాంప్ట్. ఆ ‘పీ’ దగ్గరే మీ చూపు నిలవాలి. ఒక రోజు గడులు ఇలా ఉన్నాయనుకోండి: రెండు ప్లస్‌లు, ఐదు పీలు, మూడు మైనస్‌లు. పీలను కూడా సరైనవాటిలో కలిపితే 70 శాతం. 80 గోలుకి అడుగు దూరంలో ఉన్నాడు, మిఠాయి పంచుకోవచ్చు. సొంతంగా చెప్పినవే లెక్కేస్తే 20 శాతం. అదే పిల్లవాడు, అదే రోజు, అదే కాగితం. టీచర్ వేలు పెట్టి ‘ఈ లైను చూడు’ అంటే ఆ లైను చదివి వినిపించడం మీవాడికి బాగా వచ్చు. మీరే రాశారు, ఇంట్లోనూ అదే చేస్తాడని. కాబట్టి ఎంత శాతం అన్నదానికంటే ముందు, ఎంత సాయంతో అన్నది అడగండి.

ఇదేదో అమెరికా వింత కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ తయారుచేసిన ఎఫ్ఏసీపీ అనే చెక్‌లిస్టు మన దగ్గర ప్రత్యేక పాఠశాలల్లో ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. అందులోనూ తనంతట తాను చేశాడా, చిన్న సూచన చాలిందా, నోటితో చెప్పాల్సొచ్చిందా, చెయ్యి పట్టి చేయించాల్సొచ్చిందా అని విడివిడిగా గుర్తులుంటాయి. అన్నం కలుపుకోవడం నేర్పుతున్న పిల్ల విషయంలో, చెయ్యి పట్టి చేయించడం నుంచి నోటితో చెబితే చాలు అన్న దశకి రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. రెండు దశల్లోనూ ఆ పిల్ల ముద్ద కలిపి తింది. ‘చేసింది, చేయలేదు’ అని మాత్రమే రాసుంటే ఆ నాలుగు నెలల కష్టం కాగితం మీద ఎక్కడా కనపడేది కాదు.

రెండో ముడి గోలు. ‘ప్రశ్నలకు 80 శాతం సరైన జవాబులు’ అన్నారు. ఏ ప్రశ్నలు? ‘కుక్క ఏ రంగులో ఉంది?’ అన్నదీ ప్రశ్నే, ‘ఆ పిల్ల ఇల్లు వదిలి ఎందుకు పరుగెత్తింది?’ అన్నదీ ప్రశ్నే. మొదటిదానికి జవాబు పేజీలోనే కనిపిస్తుంది. రెండోదానికి ఆలోచించాలి. మీవాడు తడబడేది రెండోరకం దగ్గర. రెండూ కలిపి కొలిస్తే మొదటిరకం మార్కులు రెండోరకాన్ని కప్పేస్తాయి. పైగా మొదలు ఎక్కడున్నాడో లేదు. బేస్‌లైన్ లేని 80 శాతం, ఎక్కిన స్టేషను రాయని టిక్కెట్టు లాంటిది. ఎంత దూరం వచ్చామో ఎలా తెలుస్తుంది?

ఇంకో జాగ్రత్త. కొన్నిసార్లు మీటింగులో పైకి ఎగబాకే అందమైన గ్రాఫ్ ఒకటి చూపిస్తారు. అది నిమిషానికి ఎన్ని పదాలు చదివాడన్న గ్రాఫ్ కావచ్చు. హాస్‌బ్రౌక్, టిండల్ అనే పరిశోధకులు 2017లో ఇచ్చిన పట్టిక ప్రకారం థర్డ్ గ్రేడ్ చివరికి మధ్యస్థంగా ఉన్న పిల్లలు నిమిషానికి 112 పదాలు చదువుతారు. మీవాడు బహుశా దాన్ని ఎప్పుడో దాటేసి ఉంటాడు. సంతోషం. కానీ అతని కష్టం వేగంలో లేదు. బలంగా ఉన్నదాన్ని కొలిచి చూపిస్తే, బలహీనంగా ఉన్నదాని సంగతి తెలియదు.

మరి గోలు ఎలా ఉండాలి? నేనైతే ఇలా రాయమంటాను: ‘ముందు చూడని, సెకండ్ గ్రేడ్ స్థాయి కథ ఒకటి చదివాక, ఎందుకు, ఎలా అన్న పది ప్రశ్నలకు, ఎవరూ చూపించకుండా, సొంత మాటల్లో, వరుసగా మూడుసార్లు ఎనిమిదింటికి జవాబు చెబుతాడు. ఇప్పుడు చెప్పగలుగుతున్నవి రెండు.’ సెకండ్ గ్రేడ్ అన్నానని కంగారుపడకండి. ఎక్కడ నిలబడ్డాడో అక్కడినుంచి నడిపించాలి. స్థాయి ఎంతన్నది స్కూలు వాళ్లు పరీక్షించి చెప్పాలి, నేను ఊహించి రాశాను. అప్పుడు లెక్క మీరే వేసుకోవచ్చు. మొదలు 20, చివర 80, మధ్యలో నాలుగు రిపోర్టులు. దారిలో ఉంటే ఒక్కో రిపోర్టుకి పదిహేను చొప్పున పెరగాలి: 35, 50, 65, 80. కాగితం మీద స్కేలుతో గీత గీసి, వచ్చిన అంకెల్ని చుక్కలుగా పెట్టండి. ఒకటి రెండు చుక్కలు కిందికి పడితే పిల్లవాడికి ఆ వారం జ్వరమో నిద్రలేమో అనుకోవచ్చు. వారం వారం కొలిచేటప్పుడు వరుసగా నాలుగు చుక్కలు గీత కింద ఉంటే నేర్పే పద్ధతి మార్చాలని ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్న నియమం. పిల్లవాణ్ని మందలించమని కాదు, పద్ధతి మార్చమని.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. ఏది పట్టుకోవాలో మీ ఇంటి పరిస్థితి మీకే తెలుసు.

అన్నిటికంటే తేలికైనది, నేను ముందు చేయమనేది, ఈ వారమే టీచరుకి ఒక ఈమెయిల్. ‘మా బాబు మీ క్లాసు గురించి ఇష్టంగా చెబుతాడు. మీటింగుకి నేను సిద్ధపడి రావాలనుకుంటున్నాను. చదువు గోలుకి సంబంధించి ఈ ఏడాది డేటా షీట్లు, రెండు మూడు వర్క్ శాంపిల్స్ మీటింగుకి వారం ముందు పంపగలరా? ప్రాంప్ట్‌తో చెప్పినవీ సొంతంగా చెప్పినవీ విడిగా తెలిస్తే ఇంట్లో నేనెలా సాయం చేయాలో అర్థమవుతుంది.’ అంతే. ‘షీ’ ప్రస్తావన ఇందులో వద్దు. తల్లిదండ్రులు విద్యా రికార్డులు చూస్తామంటే ఆలస్యం చేయకుండా, ఐఈపీ మీటింగుకి ముందే చూపించాలని, ఏది ఏమైనా 45 రోజులు దాటకూడదని చట్టంలో ఉంది. మీకు మూడు వారాలున్నాయి కాబట్టి ఇప్పుడు రాస్తేనే పని జరుగుతుంది. రెండు రకాలుగా జరగవచ్చు. కాగితాలు వస్తాయి, సగం దిగులు తీరుతుంది. లేదా ‘డేటా అలా విడిగా తీయలేదు’ అని జవాబొస్తుంది. అదీ సమాచారమే. మీటింగులో మొదట మాట్లాడాల్సింది ఏమిటో తేలిపోతుంది.

రెండోది మీటింగులోనే గోలు, రిపోర్టు తీరు మార్చమనడం. ప్రతి రిపోర్టులో అంకె, ఎంత సాయం, ఏ స్థాయి పాఠం అన్న మూడూ ఉండాలని ఐఈపీలోనే రాయించండి. నోటిమాట వద్దు. ఇందులో ఒక చిక్కుంది. కొలత కచ్చితం కాగానే కొన్ని టీములు గోలుని తేలిక చేస్తాయి, అందుకోవడం సులువని. 80ని 50 చేస్తామంటే, ఏ డేటా చూసి తగ్గిస్తున్నారో అడగండి. ఒప్పుకోలేకపోతే ఒప్పుకోలేదనే కాగితం మీద గుర్తు వేయండి, సంతకం పెట్టాల్సిందేనన్న మొహమాటం వద్దు. టెక్సాస్‌లో అలాంటప్పుడు పది స్కూలు రోజుల్లోగా మళ్లీ కూర్చుని మాట్లాడే అవకాశం ఇస్తారు. ఆ తర్వాతా కుదరకపోతే స్కూలు డిస్ట్రిక్టు, అంటే ఆ ప్రాంతం స్కూళ్లను నడిపే సంస్థ, తనకు సరైనదనిపించిన ప్లాన్‌ని, మీకు రాతపూర్వకంగా కారణాలు తెలిపి, అమలు చేయవచ్చు. ఆ సంగతి తెలిసే వెళ్లండి.

ఇంగ్లీషు మీకు వచ్చు. అయినా ఆరుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని పొడి అక్షరాలతో వేగంగా మాట్లాడుతుంటే నోరు పెగలదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే రాసి అడగవచ్చు. ఐఈపీ మీటింగులో జరిగేది తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చూడడం, అవసరమైతే ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టడం స్కూలు బాధ్యత.

మూడోది, స్కూలు చేసిన ఎవాల్యుయేషన్‌తో మీరు ఏకీభవించకపోతే, బయటి నిపుణుడితో డిస్ట్రిక్టు ఖర్చు మీదే చేయించమని కోరడం. వాళ్లు ఒప్పుకోవాలి, లేదా తమ పరీక్ష సరైనదేనని విచారణకి వెళ్లి నిరూపించుకోవాలి. బలమైన దారే, కానీ నెలలు పడుతుంది. రిపోర్టులో అంకెలు లేకపోవడానికి ఇది మందు కాదు. డేటా షీట్లు చూశాక, బాబు కష్టం ఎక్కడుందో స్కూలే గుర్తించలేదని తేలితే అప్పుడు ఆలోచించండి.

నాలుగోది, రాష్ట్ర విద్యా సంస్థ టీఈఏకి రాతపూర్వక ఫిర్యాదు. ఏడాదిలోపు జరిగినదాని మీద ఇవ్వవచ్చు, మామూలుగా 60 రోజుల్లో తేలుస్తారు. ఐఈపీలో రాసుకున్న రిపోర్టు ఇవ్వలేదన్నది అక్కడ నిలబడే విషయమే. కానీ ఒక్క ఈమెయిల్ కూడా రాయకుండా నేరుగా అక్కడికి వెళితే, మీవారు భయపడుతున్న చెడు నిజంగానే జరుగుతుంది. ఆ టీచరు రేపూ మీ బాబుకి పాఠం చెప్పాల్సిన మనిషి.

ఊరుకోవడం కూడా ఒక దారే. మీకు ఇప్పుడు వేరే బరువులుంటే నేను తప్పుపట్టను. దాని ఖర్చు మాత్రం తెలుసుకోండి. ఈ మీటింగులో రాసిందే ఏడాదంతా నడుస్తుంది. కిందటేటి గోలు వాక్యం మారకుండా ముందుకు జరిగితే ఫోర్త్ గ్రేడ్ కూడా ఇలాగే గడుస్తుంది. అమెరికా సుప్రీంకోర్టు 2017లో తీర్పిచ్చిన ఎండ్రూ కేసు ఇలాగే మొదలైంది. కొలరాడోలో ఆటిజం ఉన్న ఒక అబ్బాయి. ఏటేటా దాదాపు అవే గోల్స్ మళ్లీ మళ్లీ దింపుతున్నారని తల్లిదండ్రులు పోరాడారు. నామమాత్రపు ప్రగతి చాలదని, ఆ పిల్లవాడి పరిస్థితిని బట్టి తగిన ప్రగతికి వీలుకల్పించే ప్లాన్ ఉండాలని న్యాయమూర్తులందరూ ఒకే మాటగా చెప్పారు. ఈ కేసు పేరు మీటింగులో ఎత్తమని నేననను. మీరు అడుగుతున్నది గొంతెమ్మ కోరిక కాదని మీకు ధైర్యం చెప్పడానికే రాశాను.

మీవారి భయం గురించి. దాన్ని కొట్టిపారేయకండి, మన వీసాల బతుకుల్లో ఆ భయం ఊరికే రాలేదు. కానీ ఇమ్మిగ్రేషన్ కాగితాలు లేని పిల్లలకు కూడా బడి చదువు కాదనకూడదని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అదీ టెక్సాస్ నుంచి వెళ్లిన కేసులోనే. డేటా షీటు అడిగిన ఈమెయిల్ మీ వీసా ఫైలులోకి వెళ్లదు. ఆయనకి ఇంకో మాట కూడా చెప్పండి. రేపు ప్రాజెక్టు మారి వేరే రాష్ట్రానికి వెళ్లాల్సొస్తే కొత్త స్కూలు ముందు ఈ కాగితాలే చూస్తుంది. ‘తగినంత ప్రోగ్రెస్’ అన్న వాక్యం చూసి వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? ‘సొంతంగా పదికి రెండు, వేలితో చూపిస్తే ఏడు’ అని ఉంటే మొదటి వారమే పని మొదలవుతుంది. హైదరాబాదు తిరిగొచ్చినా అంతే.

ఇంట్లో తెలుగు తగ్గించామన్నారు. అది నాకు చాలా బాధనిపించింది. రెండు భాషలు వింటే ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకపడుతుందని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో తేలలేదు. మళ్లీ మొదలుపెట్టండి. పైగా మీకు దీంతో పనుంది. అత్తగారిని ఆదివారం కాల్‌లో ఏడు చేపల కథ చెప్పమనండి. ఆ కథంతా ‘ఎందుకు’ల గొలుసే కదా. చేప ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు ఎందుకు అడ్డొచ్చింది, ఆవు ఎందుకు మేయలేదు. ఒక్కోచోట ఆవిడ ఆగి అడగాలి. మీరు పక్కన కూర్చుని నోటుపుస్తకంలో గుర్తులు పెట్టండి: సొంతంగా చెబితే ప్లస్, ఆవిడ అందిస్తే పీ. రెండో వారం కథ కంఠస్థం అయిపోతుంది, మీవాడి జ్ఞాపకశక్తి అలాంటిది. అందుకని ఆవు బదులు మేక, చీమ బదులు తేలు అని మార్చి చెప్పమనండి. తెలుగులో విన్నప్పుడు ‘ఎందుకు’ చెప్పగలిగి, ఇంగ్లీషులో చదివినప్పుడు చెప్పలేకపోతే కష్టం ఒకచోట ఉన్నట్టు. రెండింటిలోనూ చెప్పలేకపోతే ఇంకోచోట. మీటింగుకి ముందు మూడు ఆదివారాలున్నాయి. ఆ పేజీ తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. తల్లిదండ్రులు తెచ్చే సమాచారాన్ని కూడా టీము పరిశీలించాలి, మొహమాటపడకండి.

చివరగా ఆ ‘షీ’. దాన్ని మీటింగులో అందరిముందూ తీయకండి. అయిపోయాక టీచరుని పక్కకు పిలిచి ఆ పేజీ చూపించి, రెండు అడగండి. ఇందులో ఉన్న సమాచారం మావాడిదేనా, ఇంకో పిల్లదా? మావాడిదే అయితే సరిదిద్దిన కాపీ ఇస్తారా? రికార్డులో తప్పుంటే సవరించమని కోరే హక్కు మీకుంది. ఇంకో పిల్లది అయితే ఆ తల్లికి మీవాడి కాగితం వెళ్లి ఉండొచ్చు, ఆ సంగతి స్కూలుకి వెంటనే తెలియాలి. సరిదిద్దిన కాపీ వచ్చాక పాతదాన్ని పారేయకండి, రెండూ కలిపి ఫైలులో పెట్టుకోండి.